నల్ల పీలిక

ఆ చాపను ఫుసి కళ్ళకంటే ముందు ఆమె వేళ్ళు గుర్తుపట్టాయి.

నీళ్ళ ట్యాంకు ధర కనుక్కుందామని సోమవారం పొద్దున్నే బస్సెక్కి నెయాఫు పట్నం వచ్చింది. చేతిసంచిలో బిస్కెట్ల డబ్బా ఉంది, డబ్బాలో పదకొండు వందల పాంగాలున్నాయి. రెండేళ్ళుగా గుడ్లు అమ్మి, బట్టల మీద నడుముకి చుట్టుకునే నడుంచాపలు అల్లి కూడబెట్టినవి. ఇనుపసామాన్ల కొట్టు ఇంకా తెరవలేదు. పక్కనున్న తాకట్టు కొట్టు తలుపు తీసి ఉంటే ఎండ తప్పించుకుందామని లోపలికి అడుగుపెట్టింది.

గోడ పొడవునా చాపలు వేలాడుతున్నాయి. విడిపించుకోలేకపోయిన వాళ్ళవి. ఒక్కోదాని అంచూ తడుముతూ నడిచింది. మొగలి పీలికలతో చాపలు అల్లే ఆడవాళ్ళందరికీ ఉండే అలవాటే అది. మూడోదాని దగ్గర చెయ్యి ఆగిపోయింది. నూలుబట్టలా మెత్తగా ఉంది. ఎర్ర ఊలు అంచు. కింది మూల పట్టుకుని తిరగేసి చూసింది. తెల్లటి అల్లికలో జానెడు పొడవున ఒక్కటే ఒక్క నల్ల పీలిక.

"అమ్మా, ముట్టుకోకండి, మాసిపోతుంది," అంది బల్ల వెనక కూర్చున్న పిల్ల.

"ఇది ఎవరు పెట్టారు?"

"పేర్లు చెప్పకూడదమ్మా."

"ఎప్పుడు పెట్టారో చెప్పొచ్చా?"

ఆ పిల్ల నవ్వి పుస్తకం తిరగేసింది. "రెండేళ్ళయింది. ఆగస్టు పంతొమ్మిది. తొమ్మిది వందలకి పెట్టి మళ్ళీ మొహం చూపించలేదు. ఇప్పుడు రెండు వేల నాలుగు వందలు."

ఫుసి మొగుడు సెమీసిని పూడ్చింది ఆగస్టు పదిహేడున. ఈ చాప ఆయన ఒంటికి చుట్టుకుని మట్టిలో ఉండాలి.

ఆ రోజు శవం తలదగ్గర సెమీసి అక్క కలోలైనె కూర్చుంది. ఆ చోటు ఆడపడుచుది. అక్కడ కూర్చున్న మనిషి ఏది కావాలంటే అది తీసుకోవచ్చు, అడిగేవాళ్ళు ఉండరు. "నా తమ్ముడు వట్టి చేతుల్తో పోడు. దీన్నే చుట్టుకుని పోతాడు," అని ఈ చాప మీద చెయ్యి వేసింది. ఇంట్లోనూ షెడ్డులోనూ కలిపి పదకొండు నెలలు అల్లింది ఫుసి దాన్ని, కూతురు ఎలిసివా నర్సు చదువు కోసం. అయినా సరేనంది. ఆయనకి కాకపోతే ఎవరికి అనుకుంది. చాప చుట్టాక పెట్టె మూసింది కలోలైనె ఒక్కతే. మరుసటి నెలలో ఎలిసివా సబ్బులూ చేపల డబ్బాలూ అమ్మే కొట్టులో నిలబడే పనికి కుదిరింది. ఇప్పటికీ అక్కడే నిలబడి ఉంది.

"డబ్బే ఇవ్వాలని లేదమ్మా," అంది కొట్టు పిల్ల, ఆమె మొహం చూసి. "ఇంత సన్నంగా అల్లింది ఇంకోటి తెస్తే మార్చుకుంటాం. ఊలు అంచు మాత్రం ఉండాలి."

ఇనుపసామాన్ల కొట్టు తలుపులు తెరుచుకున్న చప్పుడు వినిపించింది. ఫుసి ట్యాంకు ధర అడగకుండానే బస్సెక్కింది.

మంగళవారం చర్చి వెనక రేకుల షెడ్డులో ఐదుగురు ఆడవాళ్ళూ వికా చాప చుట్టూ కూర్చున్నారు. ఆ షెడ్డులో చాపలు వంతులవారీగా తయారవుతాయి. ఈ నెల ఎవరి వంతైతే అందరూ వాళ్ళ చాపే అల్లుతారు. వికా ఫుసి తమ్ముడి భార్య, వాళ్ళందరిలో చిన్నది. నెలాఖరుకి ఆక్లండ్ నుంచి చాపలు కొనే ఆడవాళ్ళు వస్తారు. వికా చాపకి రెండు వేల ఐదు వందలు మాట్లాడుకున్నారు. మూరెడు అల్లిక మిగిలింది.

ఆ రోజు బ్యాంకు నుంచి ఒకమ్మాయి ఒక పెద్ద కాగితం పట్టుకొచ్చి స్తంభానికి అంటించింది. కాగితం మీద మెట్ల బొమ్మ. ఇరవై ఏళ్ళ మెట్టు మీద పెళ్ళి, నలభై మెట్టు మీద పిల్లల చదువులూ ఇల్లూ, అరవై మెట్టు మీద కుర్చీలో కూర్చున్న ముసలాయన.

"ఏ వయసులో దేనికోసం దాచుకోవాలో ముందే అనుకోవాలి అక్కలూ," అంది ఆ అమ్మాయి. "ఎవరికి ఏది ముఖ్యమో దాన్నిబట్టి."

అందరిలో పెద్దది అటెలైటె అవ్వ. పీలికను నోటి తడితో మెత్తబరుస్తూ కాగితం వంక చూసింది. "బొమ్మ బాగానే ఉంది గానీ అమ్మాయీ, చచ్చిపోయే మెట్టు వెయ్యడం మర్చిపోయావే?"

"అరవై తర్వాత విశ్రాంతి అవ్వా."

"నాకు డెబ్భై ఎనిమిది. నా విశ్రాంతి మంచం కింద చుట్టి పెట్టుంది. ఊలు అంచు ఒక్కటే మిగిలింది." గోడలు అదిరేలా నవ్వారు. "నవ్వకండే. పద్దెనిమిదిలో పెళ్ళికి అల్లాను. నలభైలో పిల్లల ఫీజులకి అల్లాను. ఇప్పుడు నన్ను చుట్టడానికి. ఇంతకంటే ఏం చెబుతుంది మీ బ్యాంకు?"

"వికాది ఏ మెట్టు?" అని ఎవరో అడిగారు.

"నాది నలభై మెట్టే, ఆరేళ్ళు ముందుగా ఎక్కేశాను," అంది వికా తలెత్తకుండా. ఆమె వేళ్ళు ఒకటి ఎత్తి, ఒకటి దించి, బొటనవేలితో నొక్కుతూ పోతున్నాయి. "పెద్దదాని కాలేజీ. చిన్నదాని సంగతి దేవుడెరుగు."

"ఫుసీ, నీదో?"

నిన్నటిదాకా అయితే ట్యాంకు అని చెప్పేది. "ఇంకా చూస్తున్నా," అంది.

అంతలో కలోలైనె వచ్చింది. గుమ్మంలో ఆగి విసనకర్రతో విసురుకుంది. ఆమె కూతురి పెళ్ళి శనివారం. ఇల్లు తాకట్టు పెట్టి చేస్తోందని ఊరంతా తెలుసు, పెళ్ళికొచ్చే చాపలతో ఆ అప్పు తీర్చేస్తానని ఆమే అందరికీ చెప్పింది.

"ఫుసీ, శనివారం తెల్లవారుజామున మూడింటికల్లా మట్టిపొయ్యి దగ్గరుండాలి. పందులు రెండు, చేమాకు పొట్లాలు రెండు వందలు."

"అలాగే వదినా."

"మా ఆయన అక్క సీనీ వస్తోంది ఆక్లండ్ నుంచి. మహారాణి. ఆవిడ మొహం మీదకి పొగ రానివ్వకు, ఏడాదిపాటు చెప్పుకుంటుంది."

"అలాగే వదినా." ఫుసి పీలికను వదల్లేదు. "వదినా, మా ఆయన చుట్టుకుని పోయిన చాప గుర్తుందా? ఎర్ర ఊలు అంచుది."

విసనకర్ర ఒక్క క్షణం ఆగి మళ్ళీ కదిలింది. "గుర్తుండకపోవడమేమిటి? ఈ చేతుల్తోనే చుట్టాను."

"మంచిది. ఊరికే గుర్తొచ్చింది."

కలోలైనె వెళ్ళాక అటెలైటె అవ్వ అంది, "నాకూ గుర్తుందే అది. మూల నల్ల పీలిక పెడితే నిన్ను తిట్టాను. ఈ షెడ్డులో ఎవరూ గుర్తులు పెట్టరు. గుర్తు పెట్టావంటే పక్కన కూర్చున్నదాన్ని దొంగ అన్నట్టే కదూ?"

"తప్పయింది అవ్వా," అంది ఫుసి. పీలిక మీద ఆమె బొటనవేలు ఎంత గట్టిగా నొక్కిందంటే మధ్యకి చీలిపోయింది.

గురువారం మధ్యాహ్నం తమ్ముడి ఇంటికి వెళ్ళింది. వాకిట్లో ఆమె గొంతు వినగానే ఫెలేటీ లేచి పెరటి గుమ్మంలోంచి బయటికి వెళ్ళిపోయాడు. అక్క ఇంట్లో అడుగుపెడితే తమ్ముడు అదే గదిలో ఉండడు. అది అక్కకి ఇచ్చే మర్యాద. పెరట్లో కొబ్బరికాయ చీలుస్తున్న చప్పుడు మొదలైంది.

వికా టీ పెట్టి, రొట్టె మీద జామ్ రాసి తెచ్చింది. చాప ఊలు అంచుతో సహా నిన్ననే అయిపోయింది. గోడవారగా పరిచి ఆరబెట్టింది. దానిలో ఎక్కడెక్కడ తన వేళ్ళు నడిచాయో ఫుసికి తెలుసు.

"అయిపోయిందే."

"అయిపోయింది వదినా. పొద్దున అవ్వ వచ్చి చూసింది. తిట్లేమీ లేవు, అంటే బాగున్నట్టే."

"నాకు కావాలి."

వికా నవ్వబోయి ఆగింది. "ఎప్పటికి వదినా?"

"ఇవాళ."

పెరట్లో కత్తి చప్పుడు ఆగింది. వికా పెరటి గుమ్మం వైపు చూసింది. కాసేపటికి కత్తి మళ్ళీ మొదలైంది.

"ఆక్లండ్ వాళ్ళు వచ్చే వారమే వస్తారు వదినా. వాళ్ళకి మాటిచ్చాను. పెద్దదానికి సీటు..."

"వచ్చే ఏడాది ఇంకోటి అల్లుకుందాం. నేనూ కూర్చుంటాను. నాకు ఇప్పుడు చాలా అవసరం."

దేనికని వికా అడగలేదు. మొగుడి అక్క కోరినదానికి ఎందుకని అడిగే వరస కాదు ఆమెది. చాప పక్కన మోకాళ్ళ మీద కూర్చుని, పిల్ల మొహం తుడిచినట్టు అరచేత్తో ఒక్కసారి దాన్ని నిమిరింది. ఒక కొసనుంచి చుట్టుకుంటూ వచ్చింది. నారబట్టలో కట్టి రెండు చేతులతో అందించింది.

"తీసుకోండి వదినా."

దారిలో చేతిసంచిలోని డబ్బా చాపకి తగిలి చప్పుడు చేసింది. ఇందులోంచి కొంతైనా ఇచ్చి ఉండాల్సింది అనిపించింది ఫుసికి. ట్యాంకు లేకపోతే ఎండాకాలంలో తాగేదెలా అని కూడా అనిపించింది. వదినగారు నాకేమైనా ఇచ్చిందా? ఎలిసివా చదువు మట్టిలో కలుస్తుంటే ఎవరైనా ఒక్క పాంగా పెట్టారా? అడుగు వేగంగా పడింది.

శుక్రవారం కొట్టు పిల్ల వికా చాపను వెలుతురుకి పట్టి చూసింది. "దీని అల్లిక ఇంకా సన్నం అమ్మా. మార్చుకుంటే మీకే నష్టం."

"తెలుసు," అంది ఫుసి. "నాది దించి ఇవ్వు."

శనివారం తెల్లవారకముందే పందుల్ని కాల్చడం మొదలైంది. ఫుసి చేమాకుల్లో మాంసం పెట్టి, కొబ్బరిపాలు పోసి, పొట్లాలు కట్టి గోతిలోని వేడి రాళ్ళ మీద పేర్చింది. మీద అరటాకులు, గోనెలు, ఆ మీద మట్టి. తన చాపని కర్రపెండలం బస్తాల వెనక దాచింది. పొగకి కళ్ళు మండుతున్నా పక్కకి జరగలేదు. మండితే మండనీ అనుకుంది.

చర్చిలో పెళ్ళయ్యాక పందిట్లో అందరూ వరసలవారీగా కూర్చున్నారు. అందరికంటే ఎత్తున, పట్టెమంచం మీద పరుపు వేసుకుని, పెళ్ళికూతురి మేనత్త సీనీ. ఈ పందిట్లో ఏది కోరినా ఆమెదే. ఆమె కింద పెళ్ళికూతురు. అన్నీ సవరిస్తూ, ఎవరు ఏం తెచ్చారో చూస్తూ కలోలైనె. ఒక్కో ఇంటివాళ్ళూ లేచి చాప విప్పి, పొడవునా పట్టుకుని చూపించి, మాట చెప్పి పెడుతున్నారు. కలోలైనె పెదవులు కదులుతున్నాయి. లెక్కపెట్టుకుంటోంది. మంచివి వచ్చినప్పుడు తన వెనక్కి జరుపుతోంది.

మేనమామ ఇంటి వంతు వచ్చింది. ఫుసి మసి చేతులు కడుక్కుని, వంటచోటునుంచి చాప భుజాన వేసుకుని పందిట్లోకి నడిచింది. షెడ్డులోని ఇద్దరు ఆడవాళ్ళు రెండు కొసలూ పట్టుకోడానికి లేచారు. చాప విప్పుకుంది. ఎర్ర ఊలు అంచు నేల మీద పరుచుకుంది. మూల పట్టుకున్నామె కిందికి చూసి, నల్ల పీలిక చూసి, ఫుసి మొహంలోకి చూసింది. "అయ్యో ఫుసీ" అని మాత్రం అంది.

"ఇది మా ఆయన తరఫున," అంది ఫుసి. ఆమె గొంతు పందిరి చివరిదాకా వినిపించింది. "రెండేళ్ళ కింద ఆయన్ని పూడ్చినప్పుడు ఆయన ఒంటికి చుట్టిన చాప. మీరంతా చూశారు. మా వదిన తన చేతుల్తో చుట్టింది. మరి మా ఆయనకి అక్కడ అవసరం లేకపోయిందో ఏమో, మేనకోడలి పెళ్ళని తెలిసి తిప్పి పంపించాడు. నెయాఫులో తాకట్టు కొట్టుదాకా వచ్చి దారి తెలీక ఆగిపోతే నేను వెళ్ళి తీసుకొచ్చాను."

ఎవరో మగాయన పగలబడి నవ్వి, పక్కవాళ్ళు పొడిస్తే నోరు మూసుకున్నాడు. వెనక వరసలో గుసగుసలు గాలిలా లేచాయి. కలోలైనె మొహం ఉడికిన చేమదుంపలా అయింది. అయినా చెయ్యి చాచింది, చాపని తన వైపు జరుపుకోడానికి. అలవాటు.

"మీకు కాదు వదినా," అంది ఫుసి మెల్లగా. "వరస తప్పకూడదు కదా." చాపను పట్టెమంచం దగ్గరికి లాక్కెళ్ళి సీనీ కాళ్ళ దగ్గర పెట్టింది. "పెద్దావిడా, మీది."

సీనీకి సంగతి సగమే అర్థమైంది, చాప మాత్రం పూర్తిగా అర్థమైంది. అరచేత్తో నిమిరి, "ఇలాంటిది ఆక్లండ్‌లో అందరం కలిసినా అల్లలేం," అని ఒళ్ళోకి తీసుకుంది. దాంతో ఉత్సాహం వచ్చి, మెడ సాచి కలోలైనె వెనక చూసింది. "నీ వెనకాల దాచినవి కూడా ఇటు తే అమ్మా. ఆ అంచున్నవి. అవి కూడా. ఇంకో రెండు ఉన్నట్టున్నాయే." కలోలైనె ఒక్కోటీ అందించింది. తొమ్మిది. ఇంటి అప్పు తీర్చాల్సిన సొమ్ము తొమ్మిదిసార్లు చేతులు మారింది. ప్రతిసారీ "తీసుకోండి వదినా" అనాల్సి వచ్చింది. ఫుసి కదలకుండా నిలబడి తొమ్మిదీ లెక్కపెట్టింది.

భోజనాలయ్యాక పొయ్యి దగ్గర గిన్నెలు తోముతుంటే కలోలైనె వచ్చింది. విసనకర్ర లేదు.

"ఎంత పెట్టి తెచ్చావు?"

"మీకెందుకు?"

"నీ దగ్గర అంత లేదు. నీ డబ్బాలో ఎంతుందో నాకు తెలుసు." పొయ్యి వంక చూస్తూ నిలబడింది. "చాపకి చాప ఇచ్చావు కదూ. నీకు తయారుగా ఉన్న చాప లేదు. మరి ఎవరిది?"

ఫుసి గిన్నె తోముతోంది.

"వికాదా?" కలోలైనె చిన్నగా నవ్వింది. ఓడిపోయిన మనిషి నవ్వులా లేదది. "పాతికేళ్ళ కింద నా మొదటి చాప సీనీయే తీసుకుంది. ఆ రోజు పొయ్యి దగ్గర నేనూ ఇలాగే గిన్నెలు తోమాను. రుచి తెలిసిందిగా. ఒక్కసారితో ఆగదులే." నడుంచాప దులుపుకుని వెళ్ళిపోయింది.

సోమవారం షెడ్డులో ఫుసిని చూడగానే కేకలు పెట్టారు. "దారి తెలీక ఆగిపోయిందట!" అని ఒకామె నేల మీద చరిచింది. అటెలైటె అవ్వ నవ్వీ నవ్వీ కళ్ళు తుడుచుకుంది. "ఆ మొహం చూశాక నాకు ఇంకో ఐదేళ్ళు బతకాలనిపిస్తోందే. నా విశ్రాంతి ఇంకొన్నాళ్ళు మంచం కిందే ఉండనీ." స్తంభానికి బ్యాంకు కాగితం అలాగే అంటించి ఉంది. ఫుసి తన చోటుకి వెళ్ళి కూర్చుంది. నవ్వింది. బాగుంది.

వికా ముందే వచ్చి ఉంది. కొత్త చాపకి పీలికలు పేర్చుకుంటోంది.

"కొత్తది మొదలెట్టావేం? పాతదేదీ, ఓసారి చూపించు," అంది ఒకామె. "బుధవారం ఆక్లండ్ వాళ్ళు దిగుతున్నారు కదా."

"వదినకి అవసరమైంది. ఇచ్చాను."

మామూలుగా చెప్పింది. షెడ్డులో నవ్వులు ఒక్కొక్కటే ఆగిపోయాయి. అటెలైటె అవ్వ ఫుసి వంక చూసింది, చూపు దించి మోకాలి మీది పీలికను మళ్ళీ మళ్ళీ సాపు చేసింది. ఎవరి చాప ఇచ్చి ఎవరి చాప తెచ్చిందో ఎవరూ అడగక్కర్లేకపోయింది.

ఫుసి చేతిసంచిలోంచి బిస్కెట్ల డబ్బా తీసింది. పొద్దున దీన్ని సంచిలో ఎందుకు పెట్టుకుందో ఇంటిదగ్గర తనకి తానే చెప్పుకోలేదు. దాన్ని వికా వైపు నెట్టింది. "పదకొండు వందలున్నాయి. ఫీజులో సగమైనా అవుతుంది. మిగతాది..."

వికా వేళ్ళు తడిగా ఉన్నాయి. ముంజేత్తో డబ్బాను వెనక్కి తోసింది. మెల్లగానే, మర్యాదగానే.

"ఉంచండి వదినా. మీ హక్కు మీరు తీసుకున్నారు. దానికి నేను డబ్బు పుచ్చుకుంటే ఊళ్ళో ఏమంటారు? మీ తమ్ముడు తలెత్తుకోగలడా?"

"నీ పిల్ల..."

"కొట్లో పనికి చెప్పాను. మీ ఎలిసివా పక్కనే. ఎలిసివాయే మాట్లాడి పెట్టింది." మొదటిసారి తలెత్తి ఫుసి కళ్ళలోకి చూసింది. కోపం లేదు ఆ కళ్ళలో. కోపం ఉన్నా బాగుండేది. ఎంత కాలమైనా సరే కూర్చుని కాచుకోగల ఓపిక ఉంది. ఆ ఓపిక ఫుసికి తెలుసు. నిన్నగాక మొన్న తన దగ్గరే ఉండేది.

వికా తన కట్టలోకి చెయ్యి పెట్టి ఒక పీలిక లాగింది. ముందే మడ బురదలో నానబెట్టి నలుపెక్కించినది. నోట్లో తడిపి, మెత్తబరిచి, అందరూ చూస్తుండగా కొత్త చాప మొదటి మూలలో పెట్టింది.

అందరూ అవ్వ తిట్ల కోసం చూశారు. అవ్వ తన పీలికను తడుపుకుంటూనే ఉంది.

వంతు వికాదే కాబట్టి ఫుసి లేచి అవతలి అంచున కూర్చుంది. కొత్తది అల్లేటప్పుడు నేనూ కూర్చుంటానని మాటిచ్చింది కదా. వికా అటునుంచి అల్లుకుంటూ వస్తోంది, ఫుసి ఇటునుంచి. కాసేపటికి నల్ల పీలిక ఆమె చేతి కిందికి వచ్చింది. ఫుసి దాని మీదుగా తెల్ల పీలికను మడిచి, బొటనవేలితో గట్టిగా నొక్కింది. పక్క గడిలో నల్లది మళ్ళీ పైకి వచ్చింది.